మూత్రపిండములు - కొవ్వులు: రెండు కథల కలయిక

1586వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన పోలండు రాజు స్టీఫెన్ బాథరీ గ్రోడ్నో నగరమున మరణించెను. దేహమును భద్రపరచుటకై కోసి చూచిన శస్త్రవైద్యుడు రాజుగారి మూత్రపిండములు ఎద్దు మూత్రపిండములంత పెద్దవిగా, ఎగుడుదిగుడుగా ఉన్నవని వ్రాసిపెట్టెను. ఆ కొద్ది మాటలను బట్టి అది పాలీసిస్టిక్ కిడ్నీ వ్యాధి అయి ఉండవచ్చునని నేటి వైద్యులు కొందరు ఊహించుచున్నారు.

ఈ వ్యాధిలో మూత్రపిండమునందు నీటితిత్తులు పుట్టి, ఏటేట పెరిగి, పని చేయు భాగమును నలిపివేయును. సుమారు 150 గ్రాములుండవలసిన అవయవము కొందరిలో అనేక కిలోల బరువు తూగును. 1888లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఫెలిక్స్ లెజార్స్ దీనికి ఈ పేరు పెట్టెను. 1957లో డెన్మార్కు వైద్యుడు డాల్‌గార్డ్ 284 మంది రోగులను, వారి కుటుంబములను పరిశీలించి ఇది వంశమున దిగివచ్చు తీరును స్పష్టపరచెను. తల్లిదండ్రులలో ఒకరికి ఈ వ్యాధి యున్నచో ప్రతి బిడ్డకును వచ్చుటకు సగము అవకాశము కలదు. ఈ ఒక్క లెక్క ఎన్ని ఇండ్లలో ఎంతటి దిగులు నింపునో చెప్పనక్కరలేదు.

ఇక కొవ్వుల కథ వేరొక చోట మొదలైనది. ఆహారములోని కొవ్వు వట్టి ఇంధనమేయని, పిండిపదార్థముతో ఆ లోటు తీర్చవచ్చునని శాస్త్రజ్ఞులు చిరకాలము తలచిరి. 1929లో జార్జి బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు ఏమాత్రము లేని ఆహారము పెట్టిరి. ఎలుకల తోకలు పొలుసులు కట్టినవి, ఎదుగుదల ఆగినది, మూత్రమున రక్తము కనిపించినది. కోసి చూడగా మూత్రపిండములు చెడియుండెను. కొద్దిపాటి కొవ్వు తినిపించినంతనే అవి తేరుకొనసాగెను. లినోలిక్ ఆమ్లము వంటి కొన్ని కొవ్వు ఆమ్లములు దేహము తానై తయారుచేసికొనలేనివని, ఆహారము ద్వారానే రావలెనని దీనివలన తేలినది. కొవ్వు కొరవడినప్పుడు మూత్రపిండము కూడ దెబ్బతినునన్న సంగతిని మేము ఇచ్చట ప్రత్యేకముగా గుర్తుచేయుచున్నాము.

కొవ్వులను కొలుచు విద్యలో మన తెలుగువాని పాలు కూడ కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరమును కొలుచు పద్ధతి, భాస్వరముతో కూడిన కొవ్వుల పరిశీలనకు దశాబ్దములపాటు ఆధారమైనది. 1964లో అరకిడోనిక్ ఆమ్లమునుండి ప్రోస్టాగ్లాండినులు పుట్టునని రుజువైనది. మూత్రపిండమునందు రక్తప్రవాహమును, మంటను ప్రభావితము చేయునవి ఇవే.

ఇట్లు రెండు కథలును దగ్గరయినవి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, నీటితిత్తుల వ్యాధి గల ఎలుకలకు అవిసె గింజలు తినిపించి 1999లో ఫలితములు ప్రకటించిరి. ఆ ఎలుకల మూత్రపిండములందు ఒమేగా-3 జాతి ఆమ్లములు హెచ్చినవి. మంటయు, కణజాలము గట్టిపడుటయు తగ్గినవి. 1994లో ఈ వ్యాధికి మూలమగు ప్రధాన జన్యువు గుర్తింపబడినది. ఆ జన్యువు లోపించిన చుంచులలోని మూత్రపిండ కణములు కొవ్వు ఆమ్లములను దహించు శక్తిని కొంత కోల్పోవునని 2016లో ప్రచురితమైన పరిశోధనలు సూచించెను.

అయినను ఎలుక వేరు, మనుష్యుడు వేరు. అవిసె నూనెతో నీటితిత్తులు కరగునని ఎవరైన చెప్పినచో మేము ఒప్పుకొనజాలము. 2018లో అమెరికాలో అనుమతి పొందిన టోల్వాప్టాన్ సైతము వ్యాధివేగమును తగ్గించునే గాని, నిర్మూలింపజాలదు. వంశమున ఈ వ్యాధి యున్నవారు వైద్యుని సలహాపై స్కానింగు చేయించుకొనుట, రక్తపోటును అదుపులో నుంచుకొనుట, ఉప్పు తగ్గించుట అనుభవముచే నిలిచిన మార్గములు.

నాలుగు శతాబ్దముల క్రిందట శస్త్రవైద్యునకు రాజు మూత్రపిండముల ఆకారము మాత్రమే కనిపించెను. నేడు వాటి కణముల లోపలి కొవ్వును సైతము మనము చూడగలుగుచున్నాము. చూచినదానిని చికిత్సగా మార్చు పని ఇంకను మిగిలియున్నది.