క్లౌ దొర సెలవుకు వచ్చిన దేశం

అమెరికా చరిత్ర గురించి తెలుగులో ఏదైనా రాసి పంపమని నాందేడులోని మిత్రులు అడుగుతుంటారు. కొలంబస్, వాషింగ్టన్, లింకన్ కథలు మరాఠీ పాఠ్యపుస్తకాల్లో మనం చదువుకున్నవే. అవి మళ్ళీ చెప్పను. నేనుండే రోచెస్టర్ న్యూయార్క్ రాష్ట్రంలో, ఒంటారియో సరస్సుకు దగ్గరగా ఉంది. ఒంగోలులో ఒక ఆస్పత్రికి ఎవరి పేరు పెట్టారో ఆ మిషనరీ జాన్ క్లౌ 1910 నవంబరులో కన్నుమూసింది ఈ ఊళ్ళోనే. అందుకని అమెరికా చరిత్రను ఒంగోలు మీదుగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మాది ఒంగోలు వైపు రైల్వే కుటుంబం. దక్షిణ మధ్య రైల్వేలో బదిలీ మీద బదిలీ అయి నాన్న చివరకు నాందేడులో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, గురుద్వారా వైపు వెళితే పంజాబీ. సామాన్లు కట్టడం, బడి మారడం మాకు అలవాటే. మిషనరీ కుటుంబాలదీ బదిలీల బతుకే. కాకపోతే వాళ్ళకు ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య మహాసముద్రాలుండేవి. కొన్నేళ్ళకోసారి దొరికే ఫర్లో సెలవు కోసం ఓడెక్కి సొంత దేశం వెళ్ళేవారు. తిరిగొచ్చేటప్పుడు ఎవరెవరు రావాలి, ఎవరు అక్కడే ఉండిపోవాలి అన్నది ప్రతి ఇంట్లోనూ తేల్చుకోవలసిన విషయం.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన శామ్యూల్ డే దంపతులు 1836లో మన తీరం చేరారు. 1840లో నెల్లూరులో మిషను పెట్టారు. అక్కడ ఆయన పనిచేస్తుండగానే ఇక్కడ ఆయన్ను పంపిన సంఘం రెండు ముక్కలైంది. కారణం బానిసత్వం. ఉత్తరాది, దక్షిణాది బాప్టిస్టులు అప్పటిదాకా కలిసి చందాలు వేసుకుని మిషనరీలను పంపేవారు. బానిసల యజమానిని మిషనరీగా నియమిస్తారా, నియమించరా అని దక్షిణాదివాళ్ళు నిలదీశారు. తటస్థంగా ఉండాలని చాలాకాలం చూసిన బోర్డు చివరికి నియమించబోమని తేల్చిచెప్పింది. 1845 మే నెలలో దక్షిణాదివాళ్ళు జార్జియాలోని ఆగస్టాలో సమావేశమై వేరే సంఘం పెట్టుకున్నారు. లింకన్ కాలంలో దేశం చీలడానికి పదహారేళ్ళ ముందే చర్చి చీలింది. అమెరికా అంతర్యుద్ధానికి మూలం ఎక్కడుందో తెలుసుకోవాలంటే యుద్ధభూముల కన్నా ముందు ఈ చర్చి సభల సంగతి చదవాలని నేనంటాను.

తెలుగు మిషను ఉత్తరాదివాళ్ళ పాలబడింది. డబ్బు తక్కువ, ఫలితం అంతకంటే తక్కువ. ఆరోగ్యం చెడి అమెరికా వచ్చిన డే, భార్యాపిల్లల్ని ఇక్కడే వదిలి, లైమన్ జ్యూయెట్ దంపతులతో కలిసి 1849లో నెల్లూరు చేరారు. నాలుగేళ్ళు కుటుంబానికి దూరంగా ఉండి, మళ్ళీ జబ్బుపడి 1853లో వెళ్ళిపోయారు. ఇక ఈ మిషనును మూసేద్దామని ఆ ఏడాది ఆల్బనీ సభలో ప్రతిపాదన వచ్చింది. మూసేస్తున్నామని జ్యూయెట్‌కు ఉత్తరం ఎవరు రాస్తారన్న ప్రశ్న లేచింది. మ్యాపులో ఒంటరి నక్షత్రంలా కనిపిస్తున్న నెల్లూరు మీద ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే పాస్టరు పద్యం కట్టారు. అమెరికా బడిపిల్లలు పాడే ప్రసిద్ధమైన దేశభక్తి గీతం రాసింది కూడా ఆయనే. మిషను బతికింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. దాన్నే ఇప్పుడు ప్రార్థనా కొండ అంటున్నాం.

1862లో జ్యూయెట్ జబ్బుతో సెలవు మీద వచ్చేసరికి ఇక్కడ అంతర్యుద్ధం. కుర్రాళ్ళంతా సైన్యంలో ఉన్నారు, చర్చిల్లో డబ్బు లేదు. మూసివేత మాట మళ్ళీ వచ్చింది. మీరు సాయం చేయకపోతే నేనొక్కణ్ణే వెళ్ళి తెలుగువాళ్ళ మధ్యే బతికి చనిపోతానని ఆయన పట్టుబట్టారు. చివరికి ఒక మనిషిని ఇచ్చారు. ఆ మనిషే క్లౌ. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, మిన్నెసోటాలో భూములు సర్వే చేసి, అయోవాలో చదువుకున్నవాడు. యుద్ధం ఇంకా ముగియకుండానే 1864 చివర్లో భార్య హారియెట్‌తో, జ్యూయెట్‌తో కలిసి బోస్టన్‌లో ఓడెక్కారు.

ఆ సర్వే పని వృథా పోలేదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం జరిగినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వడం ఆపేశారు. సాయం ముగిశాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. పై కులాలవాళ్ళు మాదిగల్ని చేర్చుకోవద్దని అంతకుముందే ఒత్తిడి తెచ్చారు. సొంత సంఘం చీలినా సరే, బానిస యజమాని మాకు అక్కర్లేదన్నవాళ్ళ ప్రతినిధికి ఆ మాట ఒప్పుకునే వీలుందా? నాకు లేదనే అనిపిస్తుంది.

సెలవంటే విశ్రాంతి అనుకోకండి. 1872లో ఫర్లో మీద వచ్చిన క్లౌకు రామాపట్నం వేదాంత పాఠశాల కోసం 50,000 డాలర్ల నిధి పోగుచేసే బాధ్యత పడింది. ఊరూరా చర్చిల్లో మాట్లాడి, తిరిగి, పోగుచేశారు. తండ్రులు ఇలా తిరుగుతుంటే పిల్లలకు అమెరికా కొత్త దేశం. చదువు వయసొచ్చాక చాలామందిని ఇక్కడి బంధువుల దగ్గరో, మసాచుసెట్స్‌లోని న్యూటన్ సెంటర్‌లో మిషనరీ పిల్లల కోసం పెట్టిన హోములోనో వదిలి తల్లిదండ్రులు ఓడెక్కేవారు. 1901లో కొడైకెనాల్‌లో బడి వచ్చాకే ఆ ఎడబాటు కొంత తగ్గింది. మిషను చరిత్రలు తండ్రుల పట్టుదలను మెచ్చుకున్నంతగా ఈ పిల్లల గురించి, తల్లుల గురించి రాయలేదు. ఇది పెద్ద లోటు. ఆ పనికి మూల్యం చెల్లించినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.

ఇక రోచెస్టర్ సంగతి. ఇక్కడి వేదాంత కళాశాలలో జర్మన్ విభాగంలో ఆగస్ట్ రౌషెన్‌బుష్ ఆచార్యులుగా ఉండేవారు. ఆయన కూతురు ఎమ్మా 1882లో తెలుగు మిషనుకు వెళ్ళారు. తమ్ముడు వాల్టర్‌కు కూడా మన దేశం రావాలని కోరిక. రామాపట్నం పాఠశాలకు అధిపతిగా వెళ్ళాలనుకున్నారు. పాత నిబంధన మీద ఆయన అభిప్రాయాలు మరీ ఉదారంగా ఉన్నాయని ఒక గురువు అడ్డుచెప్పడంతో అది సాగలేదు. 1886లో న్యూయార్క్ నగరంలో హెల్స్ కిచెన్ అనే పేదల పేటలో పాస్టరుగా చేరారు. అక్కడ ఆకలి చూశారు, కూలీల ఇరుకు గదులు చూశారు, పసిపిల్లల శవపేటికలు చూశారు. ఆత్మను రక్షిస్తే చాలదు, అన్యాయమైన వ్యవస్థను కూడా మార్చాలన్న వాదన ఆ పేటలోనే రూపుదిద్దుకుంది. 1907లో వచ్చిన ఆయన పుస్తకం ‘క్రిస్టియానిటీ అండ్ ద సోషల్ క్రైసిస్’ అమెరికాను కదిలించింది. దాని ప్రభావం తన మీద ఎంతో ఉందని మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా రాసుకున్నారు. కింగ్ చదివిన క్రోజర్ కళాశాల తర్వాత 1970లో రోచెస్టర్ కళాశాలలోనే కలిసింది.

హారియెట్ 1893లో మరణించాక, 1894లో క్లౌను ఎమ్మా పెళ్ళాడారు. బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన స్త్రీ ఆమె. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పుస్తకం వేశారు. 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ పేరుతో ఒంగోలు మాదిగల జీవితాన్ని, కథల్ని, నమ్మకాల్ని గ్రంథస్థం చేశారు. మాదిగల్లో తొలి నాయకుడు ఎర్రగుంట్ల పేరయ్య కథ అందులో ఉంది. చెప్పులు కుట్టేవాళ్ళ ఇళ్ళలో విన్నదాన్ని అంత శ్రద్ధగా రాసుకున్నవారు ఆ రోజుల్లో ఎంతమంది? క్లౌ చనిపోయాక ఆయన జీవితకథను 1914లో ఆమే అచ్చువేయించారు. దాని పేరు ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ద ఓరియంట్’. తమ్ముడు న్యూయార్క్ పేదపేటలో చేరుకున్న ఆలోచనే అక్క తెచ్చిన ఈ ఒంగోలు పుస్తకానికీ పేరైంది.

కాబట్టి అమెరికా మనకు మిషనరీల్ని పంపిందని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఫర్లోకు వచ్చిన ప్రతి కుటుంబం మన కరువును, కులాన్ని, మాదిగపల్లెల ధైర్యాన్ని ఇక్కడి చర్చిల్లో వినిపించింది. అయినా పైన చెప్పిన పుస్తకాలన్నీ దొరలు, దొరసానులు రాసినవే. నాందేడులో, ధర్మాబాదులో, బిలోలీలో స్థిరపడిన ఒంగోలు, నెల్లూరు, కనిగిరి మూలాల కుటుంబాలకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళ తాతలు ఏ ఊళ్ళో బాప్తిస్మం తీసుకున్నారో, ఏ బోధకుడి దగ్గర అక్షరాలు దిద్దారో అడిగి తెలుగులో రాసిపెట్టండి. ఈ ఏడాదే రాయండి.