మత్తును గృహమును

బాలుడు మత్తునకు లోబడెనని వినినంతనే లోకము వాని స్నేహితులను నిందించును. పిమ్మట ప్రభుత్వమును నిందించును. ఇంటిని మాత్ర మెవరును ప్రశ్నింపరు. ఇది న్యాయమా? చరిత్ర నించుక పరికింతము.

మా ఆత్మకూరునందేమి, తెలంగాణమంతటనేమి, పండుగనాడు కల్లు పెద్దల పానీయము. ప్రక్కన కూర్చున్న పిల్లవానికి మేనమామ యొక గుటక పోయుట యెవరికిని వింతగా దోపదు. కాని చెట్టు దిగిన కల్లు వేఱు, దుకాణమున కలిపిన కల్లు వేఱు. క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రజోలాము అను నిద్రమందులు కలిపిన కల్లు ఇచట పలుమాఱులు పట్టుబడినది. 2015లో ఈ కల్తీ నరికట్టగా, దానికి మరగిన వందలకొలది జనులు వణకుచు, మతి తప్పి మాటలాడుచు ఆసుపత్రులకు చేరిరి. ముద్దుకొఱకు గుటక పోసిన పెద్ద, తా నెఱుగకయే మందును పోయుచున్నాడన్నమాట.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరదీక్ష బూనిన స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. కూలిడబ్బు సారాపాలై బిడ్డలు పస్తుండుటయే వారి కోపమునకు మూలము. ఆ యుద్యమ మూరూర వ్యాపించెను. 1993 అక్టోబరులో సారాయు, 1995 జనవరిలో మద్యమంతయు నిషిద్ధమయ్యెను; 1997లో ఆ నిషేధము సడలెను. ఇంటినుండి పుట్టిన శాసనమైనను, ఇంటి యాచారము మాఱనిదే నిలువజాలదు.

ఐస్లాండు దేశమున 1998లో పదునైదు, పదునాఱేండ్ల పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో త్రాగి మత్తెక్కినవారే. 2016 నాటికి ఆ సంఖ్య 5కు దిగెను. అచటి తలిదండ్రులు పాఠశాలతో నొడంబడికలు చేసికొనిరి. రాత్రివేళ బిడ్డ లెచట నున్నదియు కనుగొనిరి. వారితో గడపు కాలమును పెంచిరి. ఆటపాటలకు పురపాలకులు ధనసహాయ మొనర్చిరి.

నా తరగతిలో నొక బాలుడు కునుకుచుండెడివాడు. రెండు నెలలు చూచియు నేను మిన్నకుంటిని, నేనును దోషినే. తండ్రి కొట్టెను, తల్లి దాచెను. వాడొకరికి వెఱచి, వేఱొకరిని మోసగించెను. తుదకు వాని పెదనాయన ప్రక్కన కూర్చుండి "ఏమిరా, నిద్ర పట్టుట లేదా?" యని యడిగెను. వాడు అన్నియు చెప్పెను. ఇట్టి మందులను హఠాత్తుగా మాన్పించిన ప్రాణాపాయము. కావున వైద్యుడు క్రమముగా తగ్గించెను. ప్రతి సాయంకాలమును పెదనాయన వానితో పొలముగట్టున నడచెను.

పాఠకులారా! నేటి రాత్రి మీ బిడ్డకు అన్నము వడ్డించి, మీరును ప్రక్కన కూర్చుండుడు. వాడు చెప్పునదేదైనను, కోపింపక కడవఱకు వినుడు.