ఇంజిన్ మౌంటింగ్

ఇంజిన్, గేర్‌బాక్సుల బరువును మోస్తూ, వాటి అదురు కారు బాడీకి పాకకుండా ఆపే భాగం. సాధారణంగా లోహపు పలకలకు అతికించిన రబ్బరు దిమ్మె.

అవసరం: 1983 నుంచి 2014 వరకు తయారైన మారుతి 800లో 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ అడ్డంగా అమరి ఉంటుంది. మూడు సిలిండర్ల ఇంజిన్‌కు ఊగే స్వభావం సహజంగానే ఎక్కువ కనుక మౌంటింగుల మెత్తదనం కీలకం.

అరుగుదల గుర్తులు: వేడికి, కారే ఆయిల్‌కు రబ్బరు పగిలి కుంగుతుంది. ఐడిలింగ్‌లో స్టీరింగ్ అదరడం, క్లచ్ వదలగానే కుదుపు, గేరు మార్చేటప్పుడు ‘దడ్’మనే చప్పుడు ప్రధాన లక్షణాలు. గుడివాడ, గుడ్లవల్లేరు, మచిలీపట్నం ప్రాంతపు నల్లరేగడిలో రోడ్లు కుంగి గతుకులు పడితే మౌంటింగులపై భారం పెరుగుతుంది.

ఎంపిక: రోజూ తిరిగే పాత కారుకు కంపెనీ నిర్దేశించిన మెత్తదనం గల రబ్బరు మౌంటింగే తగినది. పాలీయురేథేన్ రకం ఇంజిన్ కదలికను బాగా అదుపు చేసినా అదురును లోపలికి పంపుతుంది. అది రేసు కార్లకు నప్పుతుంది. మోడల్, తయారీ సంవత్సరం, పార్టు నంబరు సరిచూసుకోవాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల దొరికే సెకండ్ హ్యాండ్ మౌంటింగుకు ధర తక్కువైనా, రబ్బరు అప్పటికే ముదిరి ఉంటుంది.

బిగింపు: ఒకటి పోతే మిగతావాటిపై బరువు పడుతుంది, అందుకే అన్నిటినీ పరీక్షించాలి. ముందుగా ఆయిల్ లీకు ఆపాలి. ఇంజిన్ బరువు మౌంటింగులపై కుదురుకున్నాకే బోల్టులను పూర్తిగా బిగించాలి.