పగడానికి పట్టిన దీపం

మొన్న చలికాలంలో మా ఇంటి సముద్రానికి దీపం మార్చాను. సముద్రమంటే నాలుగడుగుల గాజుతొట్టి, అందులో కొంత రాయి, కొన్ని పగడాలు, మూడు చేపలు. ఏళ్ళ తరబడి దానిమీద వ్రేలాడుతుండిన రెండు 250 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలను దింపి, ఎల్.ఇ.డి. పలకలు బిగించాను. కరెంటు ఖర్చు సగానికి తగ్గుతుందనీ, వేసవిలో నీళ్ళు కాగిపోవనీ లెక్క వేసుకున్నాను. ఆ లెక్క తప్పలేదు. తప్పినది మరొకటి. మూడు వారాలు తిరగకముందే తొట్టి నడుమనున్న ఆక్రోపొరా కొమ్మ పైభాగమంతా వెల్ల వేసిన గోడలా తెల్లబడిపోయింది.

ఆ కొమ్మ నేను కొన్నది కాదు. ఇక్కడ ఒహాయోలో మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. జన్మంతా బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవారు. 2013లో వృద్ధుల ఆశ్రమానికి వెళ్ళిపోతూ తన తొట్టిని విప్పేసి, రెండు వేళ్ళంత కొమ్మను ప్లాస్టిక్ సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. అది పెరిగి నా రెండు దోసిళ్ళంత అయింది. ఆయన ఇప్పటికీ ఏటా క్రిస్మసుకు ఫోను చేసి ముందు కొమ్మ క్షేమమడుగుతారు, తరువాతనే నాది.

నేను చేసిన పొరపాటేమిటో తెలుసుకుందామని పాత పుస్తకాలు తిరగవేశాను. అందులో దొరికిన కథ నా తొట్టికంటె చాలా పెద్దది.

పగడమనగానే మనకు ఉంగరంలో పొదిగించుకునే ఎర్రని పూస గుర్తుకు వస్తుంది. నవరత్నాలలో అది కుజుడిది. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో గుహల నీడలలో పెరుగుతుంది, దానికి వెలుతురుతో పని లేదు. దిబ్బలు కట్టే ఉష్ణమండలపు పగడాలు వేరు. వాటి కండలో ఏకకణ జీవులైన నాచులు కోట్ల సంఖ్యలో కాపురముంటాయి. 1881లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ బ్రాంట్ వాటికి జూజాంథెల్లా అని పేరు పెట్టాడు. పగడపు గోధుమరంగు చాలావరకు వాటిదే. అవి వెళ్ళిపోతే పారదర్శకమైన చర్మంలోంచి సున్నపు ఎముక కనిపిస్తుంది. మా కొమ్మకు జరిగినది అదే.

ఇంట్లో పగడాన్ని పెంచి, దానిని గురించి వ్రాసిపెట్టిన తొలివారిలో ఒకరు ఆనా థిన్ అనే ఆంగ్ల మహిళ. భర్త లండనులో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సబ్ డీన్. 1846లో ఆమె డెవన్ తీరంలోని టోర్కీ నుంచి మాడ్రిపోరులనే పగడాలను లండనుకు తెచ్చుకుంది. దారి కుదుపులకు నలగకుండా వాటిని సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టి, జాడీలో పెట్టి తెచ్చిందట! నీరు చెడకుండా రోజూ అరగంటో ముప్పావుగంటో తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి తిరగబోయించేది. పోసినది ఆమె కాదు, ఇంటి పనిపిల్ల. ఆ పిల్లకు అది అలసటయని తెలిసినట్లు ఆనా థిన్ వ్రాతలోనే ఉంది గాని పేరు మాత్రం లేదు. నా తొట్టిలో ఆ పని చేసే పంపుకు బ్రాండు పేరైనా ఉంది. తరువాత ఆమె సముద్రపు నాచును కూడ తొట్టిలో చేర్చింది. ఈ అనుభవాలు 1859లో ఒక ప్రకృతిశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి.

ఆమె అంత సులువుగా నెగ్గడానికి ఒక రహస్యముంది. డెవన్ తీరపు ఆ చిన్న గిన్నెపగడాల ఒంట్లో నాచు ఉండదు. లండను మసక వెలుతురు వాటికి చాలును. అదే ఏ జమైకా కొమ్మనో తెచ్చి ఉంటే ఎంత ప్రేమగా కుట్టి తెచ్చినా బ్రతికేది కాదు. అదృష్టం కూడ చరిత్రలో భాగమే కాబోలు.

ఆ తరువాతి నిపుణులకు వెలుతురంటే భయం పట్టుకుంది. ఎండ పడితే నీరు పచ్చబడుతుంది, అద్దం కనపడదు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ 1871లో లండనులో తెరిచిన క్రిస్టల్ పాలెస్ అక్వేరియంలో నీటిని భూమిలోపలి చీకటి తొట్లలో నిలువచేసి తిప్పేవాడు. చేపలకది దివ్యమైన ఏర్పాటు. దిబ్బ పగడాలకు చెరసాల.

శాస్త్రజ్ఞులైనా చెప్పి ఉండవచ్చు కదా అంటారేమో. 1928-29లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌కు వెళ్ళిన బృందానికి నాయకుడు మారిస్ యంగ్, ముప్పై యేళ్ళయినా నిండని యువకుడు. లో ఐల్స్ అనే చిన్న దీవిలో ఏడాదిపాటు ఉండి, పగడాలను వెలుగు చొరని పెట్టెలలో మూసి చూశాడు. నాచు పోయింది, తిండి దొరికిన పగడం బ్రతికింది. తిండి లేక వెలుగులో ఉంచినవి చిక్కిపోయాయి. కనుక పగడం మాంసాహారి, నాచు దానికి పెట్టే అన్నమేమీ లేదు, మహా అయితే మలినాలను తీసివేస్తుందని తేల్చాడు. ప్రయోగం నిజాయితీగా చేసినదే, అందుకే కొన్ని దశాబ్దాలు చెల్లింది. నాచు లోపల వండినది పగడం కడుపులోకి పోతున్నదా లేదా అని చూడటానికి అప్పటికి సాధనం లేదు. రేడియోధార్మిక కార్బన్ చేతికి వచ్చాక, 1958లో లెనార్డ్ మస్కటీన్, కాడెట్ హాండ్ ఒక సముద్రపుష్పంలో ఆ వడ్డన జరుగుతున్నదని చూపారు. ఆ రోజులలోనే జమైకాలో థామస్ గోరో వెలుతురులో పగడం ఎముక కట్టే వేగం చీకటిలో కంటె కొన్ని రెట్లుంటుందని కొలిచాడు. అంటే దీపం అలంకారం కాదు, ఆహారం.

ఈ పరిశోధనలు చదివారో లేదో గాని ఎండ ఉన్న చోట్ల కొందరు అప్పటికే నెగ్గారు. న్యూ కాలెడోనియాలో రెనే కాతాలా 1956లో నూమేయా అక్వేరియం తెరిచి, సరస్సునుంచి నీటిని పారిస్తూ పగడాలను బ్రతికించాడు. లోతునుంచి తెచ్చిన పగడాలమీద చీకటిలో అతినీలలోహిత దీపం వేస్తే అవి ఆకుపచ్చగా, నారింజరంగుగా వెలిగాయి. నేటి నీలి దీపాల మోజుకు మూలపురుషుడు ఆయనే అనుకుంటాను. జకార్తాలో లీ చిన్ ఎంగ్ మరీ సాదాగా నడిపాడు: సజీవమైన రాయి, గాలి బుడగలు, కొంత ఎండ. 1961లో ఆయన తన పద్ధతిని ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో ప్రకటించాడు. చదివి చలిదేశాలవారు అనుకరించబోతే కుదరలేదు. వారి దగ్గర రాయీ బుడగలూ ఉన్నాయి గాని జకార్తా మధ్యాహ్నం లేదు.

ఆ మధ్యాహ్నాన్ని కొనుక్కుని ఇంటికి తెచ్చినవారు జర్మన్లు. దుకాణాలకూ మైదానాలకూ చేసిన మెటల్ హాలైడ్ దీపాన్ని తొట్టిమీదికి దించి, సజీవ శిలలనూ, నురుగు తీసే యంత్రాన్నీ జతచేశారు. దానికే బెర్లిన్ పద్ధతి అని పేరు. స్విట్జర్లాండుకు చెందిన పీటర్ విల్కెన్స్ చెప్పిన సున్నపుతేట పగడాలకు ఎముకబలమిచ్చింది. తాంబూలపు దేశంవాడిని గనుక ఈ మాట చదివి ముచ్చటపడ్డాను. బెర్లినులో డీట్రిష్ ష్టూబర్ పెంచిన ఆక్రోపొరా కొమ్మలు విరిచి పంచగా పంచగా యూరపంతా ప్రాకాయి. సముద్రం ముట్టకుండా ఇంటినుంచి ఇంటికి పోయిన పగడం! మా పెద్దాయన కొమ్మ ఎవరింటిదో నాకు తెలియదు గాని అదీ అలా చేయి మారుతూ వచ్చినదే.

హాలైడ్ కాలం వేడిగా నడిచింది. నీళ్ళను చల్లబరచడానికి వేరే యంత్రం, ఏటా కొత్త బల్బు. మొదట పసుపు ఛాయ, తరువాత 10,000 కెల్విన్, ఆపైన 20,000 అంటూ నీలం వైపు జరుగుతూ పోయారు. పెరుగుదలకు ఒకటి, రంగుకు ఒకటి అని వాదాలు. 1993లో జపానులో షూజి నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించడంతో ఈ కథ మలుపు తిరిగింది. 2014లో ఆయనతోపాటు అకసాకి, అమానోలకు నోబెల్ వచ్చింది. పగడపు నాచుకు ప్రీతిపాత్రమైన 450 నానోమీటర్ల ప్రాంతపు నీలం ఒక బఠాణీగింజంత చిప్పునుంచి వచ్చేసింది.

నేను పడినది ఇక్కడే. మన కంటికి అన్నిటికంటె బాగా అందేది 555 నానోమీటర్ల దగ్గరి పచ్చదనం. నీలం ఎంత కుమ్మరించినా కంటికి మసకే. కొత్త దీపం వేయగానే గది చీకటిగా అనిపించి, పాత దీపమంత వెలుగు కనబడేదాకా మీట తిప్పాను. కొమ్మకది నడినెత్తిన మరొక సూర్యుడు. వెలుగు మితిమీరితే నాచు తయారుచేసే ప్రాణవాయువే చురుకైన రూపాలలో విషమవుతుంది, పగడం తన వంటవాణ్ణి తానే బయటికి నెట్టివేస్తుంది. ఆలస్యంగా అరువు తెచ్చిన మీటరును నీళ్ళలో ముంచితే కొమ్మ చివర 600 చూపింది. పాత దీపం కింద అదే చోట 250 ఉండేదని నా పాత పుస్తకంలో నా చేతివ్రాతే ఉంది. ఉష్ణమండల సముద్రం పైన నడిమధ్యాహ్నం సుమారు 2,000 ఉంటుంది కదా, 600 ఏపాటిదని వాదించవచ్చు. కాని ఈ కొమ్మ ఎన్నడూ సముద్రం చూసినది కాదు.

విశాఖలో ఉన్న మా బావమరిది ఒక ముక్క తెచ్చిపెట్టమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. మన దేశంలో 2001 నుంచి దిబ్బ పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా ఉన్నాయని చెబితే నమ్మడు. ఇప్పుడు అడిగితే ఇవ్వడానికి బాగున్న ముక్కే లేదు.

క్రిస్మసుకు పెద్దాయన ఫోను చేశారు. దాచలేక జరిగినది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "కింద గోధుమరంగు మిగిలిందా?" అన్నారు. మిగిలిందన్నాను. దీపాన్ని తగ్గించడమే కాక, కిటికీలకు కొట్టే దోమల జాలీని నాలుగు మడతలు వేసి తొట్టిమీద పరచమనీ, పదిహేను రోజులకొక మడత తీయమనీ చెప్పారు. పైభాగం తిరిగి రాలేదు, దానిమీద పచ్చని పాచి పట్టింది. కింద మూడంగుళాలు నిలిచాయి, కొసలలో లేత ఊదారంగు వేస్తున్నది. ఇప్పటికి రెండు మడతలు తీశాను. మూడవది వచ్చే ఆదివారం తీయాలి.