బటావియా

జావా దీవి ఉత్తర తీరంలో, నేటి జకార్తా ఉన్నచోట, డచ్ ఈస్టిండియా కంపెనీ ఏలిన రేవు పట్టణం. 1619లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్ జయకర్త పట్టణాన్ని నేలమట్టం చేసి, ఆ శిథిలాల మీదే దీన్ని నెలకొల్పాడు. కోట, కోర్టు, సైన్యం, ఉరికొయ్య అన్నీ కంపెనీవే. జాజికాయ వ్యాపారం మరొకరికి దక్కకూడదని 1621లో కూన్ ఆ కాయలు పండే బందా దీవులపై దండెత్తాడు. అక్కడి జనంలో అత్యధికులు చనిపోయారు లేదా పారిపోయారు. వందలమందిని బానిసలుగా బటావియాకు తరలించారు. దీన్ని వ్యాపారం అనడం ఘోరమైన అబద్ధం. మన కోరమాండల్ తీరం నుంచి అద్దకం బట్టలే కాదు, కరువులో అమ్ముడుపోయిన మనుషులూ ఈ రేవుకు చేరారు. 1740 అక్టోబరులో ఇక్కడి చైనీయులను వేలాదిగా ఊచకోత కోశారు. నిలవనీటి కాలువల పక్కన మలేరియా ఐరోపా ఉద్యోగులనూ వదల్లేదు. అప్పుల్లో మునిగిన కంపెనీ 1799తో రద్దయింది. పట్టణం డచ్ ప్రభుత్వపరమైంది.