ఇంజిన్ల వెనక గ్యాంగు

టాలిథ్లిన్ రైల్వే పరిరక్షణ సంఘానికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా తెలుగులో ఒక ప్రత్యేక సంచిక తెస్తున్నామనీ, అక్కడ పట్టాల పనికి వెళ్లేవాణ్ణి గనుక ఆ చరిత్ర నన్నే రాయమనీ మిత్రమండలివారు కోరారు. ఇంజిన్ల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. నేను పట్టాల గురించి రాస్తాను.

వేల్స్ పడమటి తీరంలో టవిన్ అనే చిన్న ఊరుంది. అక్కడి నుంచి కొండల్లోకి ఏడుంపావు మైళ్లు సాగుతుంది ఈ దారి. బ్రిన్ ఎగ్లూయిస్ గనిలో తీసిన పలకరాయిని కిందికి దించడానికి 1860లలో వేశారు. రెండు పట్టాల మధ్య ఎడం, అంటే గేజి, 2 అడుగుల 3 అంగుళాలే. టాలిథ్లిన్, డోల్గోఖ్ అని రెండే ఇంజిన్లు. ఆ రెండే ఎనభై ఏళ్లకు పైగా లాక్కొచ్చాయి. 1911లో ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు హెన్రీ హేడన్ జోన్స్ గనినీ రైలునూ కలిపి కొన్నారు. 1946 డిసెంబరులో గని కూలి మూతపడింది. మోయడానికి రాయి లేకపోయినా, తాను బతికుండగా బండి ఆగదని ఆయన మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు. 1948లో దేశంలోని పెద్ద రైల్వేలన్నిటినీ తీసుకున్న ప్రభుత్వం దీన్ని పట్టించుకోలేదు. 1950 జులైలో ఆయన కన్నుమూశారు.

ఆ తర్వాత జరిగినది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు, రచయిత, అంతకుముందు ఏడాదే ఈ బండిని కాపాడుకోవాలని బర్మింగ్‌హామ్ పోస్ట్ పత్రికకు ఉత్తరం రాశారు. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లోని ఇంపీరియల్ హోటల్లో ఆయన, బిల్ ట్రిండర్, జిమ్ రస్సెల్ కలిసి సభ పెట్టారు. జీతాల మీద కాకుండా ఇష్టం కొద్దీ వచ్చినవాళ్లతో రైలు నడపాలన్న ఆలోచన ప్రపంచంలో మొదటిసారి కార్యరూపం దాల్చింది అక్కడే. నష్టంలో ఉన్న సంస్థను వదిలించుకోక, షేర్లు సంఘం చేతికి అందేలా సహకరించిన హేడన్ జోన్స్ గారి సతీమణికి మేమందరం రుణపడి ఉన్నాం.

సంఘం చేతికొచ్చింది రైలు అనడానికి మనసొప్పదు. పట్టాలు మొదట్లో వేసిన ఇనుపవే. స్లీపర్లు చాలాచోట్ల చివికిపోయి, గునపం తగిలితే పొడిపొడిగా రాలేవి. కంకర మీద మట్టి పేరుకుని, మట్టి మీద గడ్డి మొలిచి, పట్టాను పట్టి ఉంచుతున్నది ఆ గడ్డి వేళ్లేనని చెప్పుకునేవారు. తెలియనివారు గడ్డి చెక్కి శుభ్రం చేయబోతే పట్టాలు దూరం జరిగే ప్రమాదం. 1951 మే 14న సంఘం మొదటి బండి నడిపినప్పుడు రీడిరోనెన్ దాకా మాత్రమే వెళ్లగలిగింది. పని చేస్తున్న ఇంజిను డోల్గోఖ్ ఒక్కటే, అదీ 1866 నాటిది.

పక్క లోయలో మూతపడిన కోరిస్ రైల్వే నుంచి మరో రెండు ఇంజిన్లు కొన్నారు. అదృష్టవశాత్తూ అదే గేజి. మూడో నంబరుకు సర్ హేడన్ అని పేరు పెట్టి పట్టా ఎక్కిస్తే, మాటిమాటికీ దిగిపోవడం మొదలుపెట్టింది. తప్పు ఇంజినుది కాదు. కొలిచి చూస్తే దారి అసలు గేజి కన్నా సుమారు అర అంగుళం వెడల్పుగా ఉంది. డోల్గోఖ్ ఇంజిను చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి, అది మలుపు తిరగడానికి పాత కంపెనీయే అలా వదులు చేయించింది. పాత రెండు ఇంజిన్లకూ చక్రాల పళ్లెం వెడల్పు, అందుకని నిలిచేవి. కొత్తదానికి సన్నం, జారిపోయేది. దీనికి మందు ఒక్కటే, దారిని మళ్లీ వేయడం. వారాంతం సెలవుల్లో వచ్చే గుమాస్తాలు, బడిపంతుళ్లు, విద్యార్థులు వానలో తడుస్తూ ఆ పని చేశారు. కోరిస్ నుంచే తెచ్చిన పట్టాలూ అందులో ఉన్నాయి. రోల్ట్ గారు మొదటి రెండేళ్లూ మేనేజరుగా ఉండి ఈ కష్టమంతా పడ్డారు.

కృతజ్ఞతతో తలచుకోవలసిన వారు ఇంకా ఉన్నారు: కార్యదర్శి పాట్ వైట్‌హౌస్, కోశాధికారి పాట్ గార్లండ్, నాలుగో నంబరు ఇంజిన్ను తన హన్స్‌లెట్ కర్మాగారంలో ఉచితంగా బాగుచేయించిన జాన్ ఆల్కాక్, డగ్లస్ ఇంజిన్ను బహుమతిగా ఇచ్చిన ఏబెల్సన్ కంపెనీ, 1952లో గార్డుగా సేవచేసి, ఈ ఇంజిన్లను పిల్లల కథల్లోకి తీసుకెళ్లిన రెవరెండ్ ఆడ్రీ. ఇక చోటు చాలక వదిలేస్తున్న వందల పేర్లవారికి దండం.

1960లు మరమ్మతుల్లో గడిచిపోయాయి. అబెర్గునోల్విన్ దాటి నాంట్ గ్వెర్నోల్ దాకా, కొండ అంచున ఉన్న పాత సరుకుల దారిని రాయి కొట్టి ప్రయాణికుల బండికి సిద్ధం చేసి, 1976 మే 22న తెరిచారు. రోల్ట్ గారు 1974లోనే పోయారు, ఆ రోజు చూడలేదు.

నేను చేరేసరికి ఆ తొలితరం వెళ్లిపోయింది. వారి చేతి కింద పని నేర్చిన పెద్దాయన ఒకరు మాత్రం మా గ్యాంగులో ఉండేవారు. పేరు ఎక్కడా రాయవద్దన్నారు, రాయను. వచ్చీరాగానే పట్టా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెంప పట్టాకు ఆనేలా వంగి, ఒక కన్ను మూసి దూరంగా చూసేవారు. మనకు తిన్నగా కనిపించే చోట ఆయనకు వేలెడు కుంగు కనిపించేది. చెయ్యి పైకెత్తితే జాకీ పెట్టి లేపేవాళ్లం. స్లీపరు కింద కంకర కూరి, బీటర్‌తో కొట్టి బిగించేవాళ్లం. ఆయన మళ్లీ వంగి చూసి, చాలదంటే మళ్లీ లేపడమే. పాతపట్నం దగ్గర గ్యాంగ్ మేటుగా చేసిన మా నాన్నగారూ అచ్చం అలాగే, తలపాగా తీసి పక్కన పెట్టి, పట్టాకు చెంప ఆనించేవారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పక్కపక్కన నిలబెడితే సైగలతోనే ఒక ఫర్లాంగు సరిచేసేవారని నా నమ్మకం.

ఒక మాట మనసులో ఉంచుకోలేక రాస్తున్నాను. ఇంజిను మీద ఎక్కాలని వచ్చేవారికి కొదవ లేదు. జనవరి వానలో స్లీపరు మోయడానికి వచ్చేవారు ఏటా తగ్గుతున్నారు, వచ్చేవారిలో చాలామంది నా వయసువారే. కథల్లో ఇంజిన్లకు మొహాలున్నాయి, పేర్లున్నాయి. కింద దారి పట్టి ఉంచినవారికి ఫోటో కూడా ఉండదు. వారు అడగరు. అందుకే నేను అడుగుతున్నాను.

ఇంతకన్నా లోతున ఉన్న బాధ మా ఊరిది. మా నాన్నగారు పనిచేసిన నౌపడ నుంచి గుణుపూర్ దాకా 90 కిలోమీటర్ల చిన్న లైను, పర్లాకిమిడి రాజావారు 1900లో మొదలుపెట్టించినది, 2004లో ఆగి, బ్రాడ్ గేజిగా మారి 2011లో తెరుచుకుంది. పెద్ద బండి రావడం జనానికి మంచిదే, కాదనను. పాత దారిలో రెండు కిలోమీటర్లయినా అలాగే ఉంచండి, విశ్రాంత గ్యాంగ్‌మన్లం మేమే చూసుకుంటామని కొందరం అర్జీ పెట్టాం. జవాబు రాలేదు. ఇక్కడ టవిన్‌లో సాధ్యమైనది అక్కడ ఎందుకు కాలేదన్న ప్రశ్న, గునపం పట్టిన ప్రతిసారీ నన్ను వదలదు.

బర్మింగ్‌హామ్ నుంచి టవిన్‌కు నేరుగా రైలుంది. మన పిల్లలు బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల చాలామంది చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అనుభవం అక్కర్లేదు, పని అక్కడే నేర్పుతారు. గట్టి బూట్లు, వానకోటు తెచ్చుకోండి. కంకర పని చలికాలంలోనే ఎక్కువ, ముఖ్యంగా అప్పుడు రండి.