గార్గాంతువా మెక్కిన పన్నులు

1830 జూలైలో పారిస్ జనం తిరగబడి పదో చార్లెస్‌ను గద్దె దించారు. ఆ చోటికి వచ్చిన లూయీ ఫిలిప్ ‘పౌరుల రాజు’ అనిపించుకున్నాడు. సెన్సారు ఇక ఎన్నటికీ ఉండదని కొత్త రాజ్యాంగ పత్రంలో రాయించాడు కూడా. అంతలోనే రాజభరణం మీద తగవు మొదలైంది. అడిగింది 1 కోటి 80 లక్షల ఫ్రాంకులు. చివరికి 1832లో దక్కింది 1 కోటి 20 లక్షలు.

ఆ రగడ నడుమ, 1831 డిసెంబరులో, 23 ఏళ్ల చిత్రకారుడు ఒనొరే దోమియే అచ్చుకోసం రాతిపలక మీద ‘గార్గాంతువా’ గీశాడు. రాబ్లే కథల్లోని తిండిపోతు మహాకాయుడి పేరది. బొమ్మలో రాజు తల పియర్ పండులా ఉంటుంది. అతని నోటికి నేలనుంచి ఒక పొడుగాటి చెక్క ఆనించి ఉంది. కింద చింకిపాతల జనం, వాళ్లలో పసిబిడ్డతో ఒక తల్లి. వాళ్లు వేసిన నాణేలను కూలీలు బుట్టలకెత్తుకుని చెక్క మీదుగా ఎక్కి ఆ నోట్లో కుమ్మరిస్తున్నారు. జారిపడ్డ చిల్లరను చెక్క కింద పొంచిన పెద్దమనుషులు ఏరుకుంటున్నారు. ఇక రాజు కూర్చున్న పీఠం సింహాసనం కాదు, దొడ్డికి వెళ్లే కుర్చీ. దాని కిందనుంచి రాలేవి బిరుదులు, పతకాలు, నియామక పత్రాలు. వాటికోసం ఎగబడేవాళ్లు వేరే ఉన్నారు.

రోత పుట్టించే బొమ్మే. అయినా దాని పదును రోతలో లేదు, లెక్కలో ఉంది. ఏటా 200 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టేవాడికే అప్పట్లో ఓటు. 3 కోట్లు దాటిన జనాభాలో ఓటర్లు 2 లక్షల లోపే. ఉప్పు మీదా ద్రాక్షసారా మీదా పన్ను కట్టే పేదవాడికి సభలో నోరు లేదు.

పోలీసులు ప్రతులను జప్తు చేశారు. 1832 ఫిబ్రవరిలో దోమియేకు ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. శిక్ష అమలును మొదట ఆపారు గాని అతను చెయ్యి ఆపలేదు. ఆగస్టులో సెంత్ పెలాజీ జైలుకు పంపారు. అతని బొమ్మలు వేసే పత్రిక అధిపతి ఫిలిపోన్ కూడా గట్టివాడే. జరిమానాలు కట్టడానికి చందాదారులకు నెలనెలా ఒక పెద్ద బొమ్మ అమ్మే పథకం పెట్టాడు. 1834 నాటి ‘శాసనసభ పొట్ట’ ఆ వరసలోదే: బానపొట్టల మంత్రులు, ప్రతినిధులు బల్లల మీద బారుగా కూర్చుని, కొందరు కునుకుతూ కనిపిస్తారు.

1835 జూలైలో రాజు మీద హత్యాయత్నం జరిగింది. ఆ వంకతో సెప్టెంబరులో, బొమ్మ అచ్చు వేయాలంటే ముందస్తు అనుమతి ఉండాలని చట్టం తెచ్చారు. రాజ్యాంగ పత్రం కాపాడేది అభిప్రాయాన్నేననీ, బొమ్మ అభిప్రాయం కాదు చేతేననీ ప్రభుత్వం వాదించింది. అది వట్టి బూటకం. రాతకు ఆ అనుమతి అడగలేదు నిజమే. చదువురాని పన్నుదారుకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.